పెన్సిల్ సీటు

"నువ్విక్కడే కూర్చో, నేను చూసుకుంటాలే" అని ఆయన మళ్ళీ గేటువైపు నడిచాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే మాట, అదే నడక, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ప్రపంచంలో ఉన్న గేట్లన్నీ తన మేనత్త ఇంటి గుమ్మాలైనట్టు. ఆమె రాతి బెంచీ మీద కూర్చుంది. బెంచీ చల్లగా ఉంది, కొత్త బూట్లు వేళ్ళని నొక్కుతున్నాయి, ఎదురుగా మ్యూజియం మెట్లు, మెట్ల పక్కన నిలువెత్తు బోర్డు, ఈ రోజుకి టికెట్లు లేవు, ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకే ప్రవేశం అని దాని మీద పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఆయనకి ఇంగ్లీషు రాక కాదు. చదివాడు. చదివి, నవ్వి, "ఇలాంటి బోర్డులు నేనెన్ని పెట్టలేదూ" అన్నాడు. ఆ నవ్వు చూసేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళో ఉన్న చేతిసంచీని రెండు చేతులా అదుముకుంది. అందులో కళ్ళజోడు డబ్బాకీ మాత్రల పొట్లానికీ మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది, ఈ మ్యూజియానికే, ఈ రోజుకే, పదకొండు నుంచి పదకొండున్నరలోపు ఆ గేటు దాటిపోవాలి, ఒక్కరికి. ఒక్కరికే. ఆ సంగతి ఆయనకి తెలియదు.

పెన్సిల్ సీట్లు. అదీ ఆయన మతం. బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ వెనక ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాత్రి బస్సుల చార్టులో నాలుగు గళ్ళు పెన్నుతో నింపేవాడు కాదు, పెన్సిలుతో సున్నా చుట్టి వదిలేసేవాడు. అద్దానికి సీట్లు లేవు అన్న అట్టముక్క వేలాడుతుండగానే ఎవరో ఒకరు రొప్పుకుంటూ వచ్చేవాళ్ళు, ఆస్పత్రి అనో, పరీక్ష అనో, పెద్దాయన పోయాడనో. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి "ఉండండి, చూద్దాం" అనేవాడు, రబ్బరుతో సున్నా చెరిపి ఆ గడిలో పేరు రాసేవాడు. ఒక్క పైసా పుచ్చుకున్న పాపాన పోలేదు. ఆ మాట ఆమె ఇంత మంటలోనూ ఒప్పుకుంటుంది, ఒప్పుకోవాల్సి రావడమే ఇంకా మండిస్తుంది, లంచాలు తిన్న మనిషైతే నోరారా తిట్టడానికైనా వీలుండేది. బస్సుదేమిటి, సినిమాదేమిటి, చందమామ మీదికి వెళ్ళే రాకెట్టుదేమిటి, ఏ టికెట్ల కౌంటర్ వెనకైనా నాలుగు పెన్సిల్ సీట్లు ఉండి తీరతాయని, వెళ్ళి మర్యాదగా రెండు మాటలు మాట్లాడితే రబ్బరు బయటికొస్తుందని ఆయన నమ్మకం. ముందుగా కొనుక్కునేవాళ్ళంటే జాలి కూడా. "మాట్లాడ్డం చేతకానివాళ్ళోయ్ టీచరమ్మా, పాపం!" టూరు మేనేజరు బయల్దేరకముందే అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, ఆ మ్యూజియం మన ప్యాకేజీలో లేదు, చూడాలనుకుంటే నెలల ముందే బుక్ చేసుకోండి, అక్కడికెళ్ళాక దొరకదు అని. ఆమె చెప్పింది, అన్నం వడ్డిస్తూ చెప్పింది, ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన మొహానికి చెప్పింది, సూట్‌కేసులు సర్దుతూ చెప్పింది, చెవినిల్లు కట్టుకుని పోరింది. ప్రతిసారీ నేను చూసుకుంటాలే. ఇదిగో, చూసుకుంటున్నాడు. ఇక్కడ కౌంటరే లేదు. ఒక ఇనప గేటు, గేటు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, ఆ అమ్మాయి చేతిలో ఎర్రకాంతి చిమ్మే చిన్న టార్చిలైటులాంటి పరికరం, దాన్ని టికెట్ మీద పెడితే కీచుమంటుంది, అంతే. సున్నా చుట్టడానికి చార్టేదీ, చెరపడానికి రబ్బరేదీ.

లోపల తిమింగలం ఉంది. ప్రాణంతో ఉన్నది కాదు, ఎముకలు, ఒక హాలంత పొడుగున పైకప్పు నుంచి వేలాడదీసిన ఒకే ఒక్క తిమింగలం ఎముకలు. జంతుశాస్త్రం టీచరుగా చేరిన మొదటి రోజునే ల్యాబులో బీరువా వెనక చుట్టచుట్టి పడేసిన గుడ్డ చార్టు దొరికింది ఆమెకి, విప్పితే తిమింగలం అస్థిపంజరం, తోక దగ్గర ఎలుక కొరికేసింది. ఆ కొరికిన చోటే ఉండాలి అసలు సంగతి. తిమింగలానికి ఒకప్పుడు కాళ్ళుండేవి, నేల మీద నడిచేది, నీళ్ళలోకి వెళ్ళిపోయాక కాళ్ళు పోయాయి, తుంటి ఎముకలు మాత్రం పోలేదు, చిన్నవి, వెన్నెముకకి అతకకుండా కండలో ఎక్కడో వాటంతటవి ఉండిపోయాయి. ఏటా ఏడాది పొడుగునా ఏ పాఠానికీ తలెత్తని పిల్లలు కూడా ఆ మాటకి తలెత్తేవాళ్ళు. దేనికి టీచర్ అవి, కాళ్ళు లేనప్పుడు? ఆమె చిరిగిన చోట సుద్దముక్కతో గోడ మీదే గీసి చూపించేది, నేను కూడా చూడలేదర్రా, అదిగో ఫలానా దేశంలో ఫలానా మ్యూజియంలో ఉంది, ఒకరోజు వెళ్తాను, చూసొచ్చి చెప్తాను అనేది. చెప్తాను, చెప్తాను అంటూనే ఉంది, వినాల్సిన పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లల్ని అదే బళ్ళో చేర్పించారు, ఆమె రిటైరైంది, చార్టు మళ్ళీ బీరువా వెనక్కి పోయింది. రిటైరైన స్టాఫంతా కలిసి విదేశీ టూరు అనగానే ఏయే దేశాలు అని ఆమె అడిగింది ఒక్క తిమింగలం కోసం. రేపు పొద్దున్నే తిరుగు విమానం. ఈ పూట ఎవరి ఇష్టం వాళ్ళదని వదిలేస్తే మిగతావాళ్ళంతా బజారుకెళ్ళారు. ఈ పూట పోతే ఇంక లేదు, ఈ మోకాళ్ళతో, ఈ వయసులో, మళ్ళీ ఎవరు తీసుకొస్తారు, ఎవరు రానిస్తారు.

గేటు దగ్గర ఆయన నల్లకోటు అమ్మాయితో మాట్లాడుతున్నాడు. ఇక్కడికి వినపడదు, వినపడక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. ముందు నమస్కారం, తర్వాత కుడిచెయ్యి గుండెల మీదికి, తర్వాత ఇటు తిరిగి బెంచీవైపు వేలు, అదిగో మా ఆవిడ. ఆ అమ్మాయి ఇటు చూసింది. ఆమె మొహం తిప్పుకుంది. సిగ్గుతో తల కొట్టేసినట్టైంది, నన్నెందుకు చూపిస్తాడు, నేనేమన్నా ఆస్పత్రికి పోతున్న కేసునా, రోగిష్టిదాన్నా, చూడండమ్మా ఈ ముసలిదానికి ఎముకల పిచ్చి అని చెప్తున్నాడా. పావురాలు బూట్ల దగ్గరికి వచ్చి ఏమీ లేదని తెలుసుకుని పోయాయి. తిమింగలాన్ని ఒక్కసారి దగ్గరగా చూసే భాగ్యం పట్టింది తనకి, పట్టబోయింది, పెళ్ళయిన కొత్తలో. సముద్రం ఒడ్డుకి పెద్ద తిమింగలం కొట్టుకొచ్చిందని పేపర్లో ఫొటో, జనం దాని పక్కన చీమల్లా నిలబడి ఉన్నారు, ఒక రాత్రి బస్సు ప్రయాణం, అంతే. ఆమె పేపరు పట్టుకుని బస్టాండుకే పరుగెత్తింది, కౌంటర్ అద్దం అవతల ఆయన, చుట్టూ జనం, రేపటికి రెండు సీట్లు చూడండి అంది. "దానికేం భాగ్యం, నా చేతిలో పనేగా" అన్నాడు. రెండు సున్నాలు చుట్టాడు కూడా, ఆమె కళ్ళారా చూసింది. మర్నాడు సాయంత్రం సంచీ సర్దుకుని వెళ్తే ఎవరికో ఇంటర్వ్యూ అట, ఇచ్చేశాడు. ఆ మర్నాడు ఎవరి అత్తగారో పోయింది. ఆ తర్వాత ఎవరో గర్భిణి. తిమింగలం ఎక్కడికి పోతుందోయ్, చచ్చిందేగా అన్నాడు. తీరా వెళ్ళేసరికి పూడ్చేశారు. ఇసకలో ట్రాక్టరు చక్రాల జాడలు, ముక్కులు పగిలే వాసన, అంతే మిగిలింది. ఆయన ఆ ఒడ్డున నిలబడి మరమరాలు కొనిపెట్టాడు. ఆమె తింది. ఎందుకు తిన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది, ఆ పొట్లం ఆయన మొహాన కొట్టి ఉండాల్సింది, ఆ రోజే కొట్టి ఉంటే ఈ రోజు ఈ బెంచీ ఉండేది కాదేమో.

మ్యూజియం నెత్తిన ఉన్న గడియారంలో పెద్దముల్లు కదిలింది. పదకొండు కొట్టలేదు ఇంకా, కొట్టబోతోంది. ముందుగా కొనుక్కున్నవాళ్ళు వరస కడుతున్నారు, తాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ, ఫోనులు పైకెత్తి పట్టుకుని, ఏ ఆదుర్దా లేని మొహాలు. ఆ మొహాలంటే ఆమెకి అసూయ. తమ సీటు తమదేనని తెలిసినవాళ్ళు అలా ఉంటారు కాబోలు. ఆమె పేరు ఇంట్లో ఎప్పుడూ పెన్సిలుతోనే ఉంది. కొత్త గొడుగు కొనుక్కుంటే వానలో తడుస్తున్నావిడకి, ఆమె కోసం తెప్పించిన కుట్టుమిషను పక్కవీధి వితంతువుకి, ఆమె పుట్టింటివాళ్ళు పంపిన పరుపు ఊరినుంచొచ్చిన ఎవరి కొడుకుకో. పాపం అన్న మాట ఒకటి ఆయన నోట్లో పుట్టేది, దాని వెనకాలే ఆమె వస్తువు ఒకటి గడప దాటేది. తన చొక్కా ఒకటి ఇచ్చిన గుర్తు లేదు, తన సైకిలు ఇచ్చిన గుర్తు లేదు. అబ్బే, అది కూడా నిజం కాదు, సైకిలు ఇచ్చాడు ఒకసారి, నిజమే ఒప్పుకోవాలి, కానీ ఇచ్చి మర్నాడే ఆమె జీతంలోంచి ఇంకోటి కొనుక్కున్నాడు. ఆయన ఔదార్యమంతా ఆమె వాటాలోంచే. ఊరికి దేవుడు. దేవుడు సార్ అనే పిలిచేవాళ్ళు. కూరలబ్బాయి తూకంలో ఒక వంకాయ ఎక్కువేసి దేవుడు సార్ గారి ఇల్లు కదమ్మా అనేవాడు, అప్పుడు ఆమె ఒక నవ్వు నవ్వేది, దానికంటూ ఒక నవ్వు తయారైపోయింది ఆమె మొహంలో, పెదాలు కొంచెం, కళ్ళు అస్సలు కాదు.

ఈ దేవుణ్ణి చూసే కదా మనసుపడింది. అది మాత్రం ఎవరి నెత్తిన రుద్దుతుంది. చదువుకునే రోజుల్లో ఆ కౌంటర్ ముందే వరసలో నిలబడి ఉంది, ముందు ఒక ముసలాయన, చేతిలో టెలిగ్రామో ఏమో, మాట రావట్లేదు ఆయనకి, అద్దంలో అర్ధచంద్రాకారంగా కోసిన కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ముసలాయన చేతిమీద పడింది, ఉండండి, చూద్దాం. ఆ చెయ్యి ఎవరిదా అని వంగి చూసింది. అంతే. మళ్ళీ వారం అవసరం లేకపోయినా అదే వరసలో నిలబడింది. అద్దానికి ఇవతల నిలబడ్డవాళ్ళందరికీ ఆ చెయ్యి అందుతుంది, అవతలికి వెళ్ళి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాక అందదు, అది అప్పుడు తెలియలేదు. తెలిసింది చెల్లి పెళ్ళికి. ముందువరసలో రెండు సీట్లు, చంటిపిల్లాడు ఒళ్ళో ఉంటాడు కదా కుదుపు ఉండకూడదని ఆయనే ఏరి పెట్టాడు, బస్సెక్కి కూర్చున్నాక, కూర్చున్నాక, ఎవరో ముసలి దంపతులు నిలబడి ఉంటే లే, లే, పెద్దవాళ్ళు పాపం అన్నాడు. ఆమె లేచింది. ఇంజను పక్కన ఇనపపెట్టె మీద కూర్చుంది, పెట్టె కాలిపోతోంది, చంటివాడు రాత్రంతా ఏడ్చాడు, వాంతి చేసుకున్నాడు, సగం దారిలో వాడికి జ్వరమొస్తే దిగిపోయి డాక్టర్ని వెతుక్కోవలసి వచ్చింది. మండపానికి చేరేసరికి పెళ్ళి అయిపోయింది, రెండో పంక్తి భోజనాలు. చెల్లి తలెత్తి ఒక్క చూపు చూసింది. అక్కా ఎందుకింత ఆలస్యం అని కూడా అడగలేదు. ఈయన విస్తరి ముందు కూర్చుని ముసలి దంపతుల కథ చెప్పాడు, ఎంత బాగా చెప్పాడంటే పంక్తంతా మెచ్చుకుంది, మగపెళ్ళివారు కూడా, ఇలాంటి అల్లుడు దొరకడం మీ అదృష్టం అన్నారు. ఆమె నాన్న కళ్ళొత్తుకున్నాడు. చెల్లి పెళ్ళి ఫొటోల్లో ఎక్కడా అక్క లేదు. చెల్లి ఆల్బం తెరిచినప్పుడల్లా ఆమె వంటింట్లోకి నీళ్ళు తాగడానికి వెళ్తుంది.

అందుకే ఒకటి. ఒకటే. బళ్ళో కంప్యూటర్ టీచరమ్మ, కూతురంత పిల్ల, ఫోను పట్టుకుని బుక్ చేసి పెట్టింది, ఎంతమందికండీ అని అడిగింది. ఆమె నోరు తెరిచింది, రెండు అనడానికే తెరిచింది, ఒట్టు, నాలుక మీద రెండు అన్న మాట ఉంది. ఒకటి అని వచ్చింది. ఆ పిల్ల తలెత్తి, మరి సార్‌కో అంది. సార్ చూసుకుంటారులే అంది ఆమె. రెండు కొంటే ఆయనకి చెప్పాలి, చెప్తే టికెట్లు ఆయన జేబులోకి వెళ్ళాలి, ఒకసారి ఆ జేబులోకి వెళ్ళాక అవి ఊరందరివీ. ఇదీ ఆమె తనకి తాను చెప్పుకున్న కారణం. ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఇన్నాళ్ళూ పైకి రానివ్వలేదు, ఇప్పుడు ఈ చలిలో ఈ బెంచీ మీద అదీ వచ్చి కూర్చుంది పక్కన. ఆయన లేకుండా చూడాలని. తిమింగలం కింద నిలబడి ఆయన పక్కవాళ్ళతో మాటలు కలపకుండా, ఎవరి పిల్లనో ముందుకు రానివ్వవోయ్ అనకుండా, ఒక్కర్తీ, కడుపునిండా, మెడ నొప్పి పుట్టేదాకా. తప్పా? తప్పైతే తప్పే. మరైతే లేచి వెళ్ళవేం? పొద్దున హోటల్లో చెప్దామనుకుంది, కాఫీ తాగాక చెప్దామనుకుంది, బస్సులో చెప్దామనుకుంది. గడియారం పదకొండు కొట్టేసింది, వరస కదిలింది, గేటు కీచు కీచుమంటోంది, ఒక్కో కీచుకీ ఒక మనిషి లోపలికి మాయమవుతున్నాడు. కాళ్ళు లేవట్లేదు. ఇంత కోపమూ నోట్లోంచి ఒక్కసారి కూడా బయటికి రాకుండా మోకాళ్ళలోకి దిగి గడ్డకట్టిందా ఏం. తన మీద తనకే అసహ్యమేసింది. పెట్టె మీద కూర్చోమంటే కూర్చున్నావు, మరమరాలు తినమంటే తిన్నావు. ఆయన రిటైర్మెంటు సభలో ముందువరసలో భార్యకి వేసిన కుర్చీలో ఎవరినో కూర్చోబెడితే గుమ్మం పక్కన నిలబడి చప్పట్లు కొట్టావు. ఎవరు కొట్టమన్నారు? చేతులు నొప్పెట్టేలా ఎందుకు కొట్టావు?

పెద్దముల్లు కిందికి జారుతోంది. ఆమె సంచీ జిప్పు తీసింది. కాగితం తీసి మడతలు విప్పింది. ఎంత నల్లగా, ఎంత స్పష్టంగా అచ్చయింది తన పేరు, ఇంటిపేరుతో సహా, రబ్బరు పెట్టి రుద్దితే కాగితం చిరగాలి గానీ పేరు పోదు. లేచి నిలబడింది. అప్పుడే ఆయన వస్తూ కనిపించాడు. ఒక్కడే కాదు. వెనక ఒక చిన్నవయసు దంపతులు, నాన్న భుజం మీద ఒక పాప, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా కందిన పాప, ఆ పాప చేతిలో నీలం రంగు గుడ్డ తిమింగలం.

"ఏమోయ్, విన్నావా," అన్నాడు ఆయన దూరం నుంచే, "నాలుగేళ్ళ పిల్లకి టికెట్ ఎందుకులే అనుకుని ఇద్దరికే కొన్నారట వీళ్ళు. ఆ గేటమ్మాయి పాపని వదలనంటోంది. పొద్దున్నించీ ఒకటే ఏడుపట, పాపం. నేను చూద్దాం అని చెప్పాను."

"మన సంగతేమైంది?"

"మనకా? అబ్బే, ఈ అమ్మాయి వట్టి మొండిది, మాట వినేరకం కాదు. పోనీలేవోయ్, లోపల ఏముంది, ఎముకలేగా. బజారుకి పోదాం పద, వాళ్ళంతా..." మాట మధ్యలో ఆగింది. కాగితం చూశాడు. తల పక్కకి వంచి, కళ్ళజోడు పైనుంచి, చార్టు చూసినట్టే చూశాడు. "ఏంటది? టికెట్టా? ఈ రోజుదే! ఎప్పుడు కొన్నావ్?"

"కొన్నాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆయన మొహంలో ఒక నీడ కదిలింది, తనకి లేదే అన్న నీడ కావచ్చు, ఉంటే ఒక్క రెప్పపాటు ఉండి ఉంటుంది, ఆమె దానికోసం వెతికింది కూడా, అడుగు, నాకెందుకు కొనలేదే అని అడుగు, ఒక్కసారి నామీద కోప్పడు, కోప్పడితే నేనూ కోప్పడతాను, ఈ బెంచీ దగ్గరే తేలిపోతుంది. నీడ పోయింది. మొహం విప్పారింది. ఆ వెలుగు ఆమెకి తెలుసు, రబ్బరు చేతిలోకి తీసుకునే ముందు వచ్చే వెలుగు.

"భలేదానివే! ఇంకేం మరి, దేవుడే పంపినట్టుంది. ఒక్కదానివి నువ్వు మాత్రం లోపలేం చేస్తావ్. పాప చూడు ఎలా చూస్తోందో. ఇటియ్యి" అని చెయ్యి చాపాడు.

అదే చెయ్యి. కంతలోంచి బయటికొచ్చిన చెయ్యి. ఆమె పాపని చూసింది. పాప కూడా ఆమెని చూసింది, ఏడుపు ఆపి, ఎక్కిళ్ళ మధ్య, గుడ్డ తిమింగలం తోక నోట్లో పెట్టుకుని. ఎన్ని వందల మంది పిల్లలు ఇలాగే తలెత్తి చూశారు తనవైపు. ఇచ్చేయాలనిపించింది. అబద్ధమెందుకు, చెయ్యి కదిలింది కూడా, అలవాటైన చెయ్యి, లేమంటే లేచే ఒళ్ళు, కాగితం ఆయన వేళ్ళకి జానెడు దూరందాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. నుదుటి నుంచి పాదాలదాకా ఏదో భగ్గుమంది.

"ఇది నాది" అంది ఆమె.

"అదేంటోయ్, పసిపిల్ల..."

"పసిపిల్లే. మీరు చూద్దాం అన్నారుగా, చూడండి. ఇది మాత్రం నాది. పెన్నుతో రాసింది." గొంతు అంత పెద్దగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు, పావురాలు లేచిపోయాయి, పాప అమ్మ బెదిరి ఒకడుగు వెనక్కి వేసింది. "తిమింగలం చచ్చిందేగా, ఎక్కడికి పోతుంది అన్నారు. పూడ్చేశారు. గుర్తుందా మీకు? మరమరాలు కొనిపెట్టారు."

ఆయనకి గుర్తు లేదు. మొహం చూస్తేనే తెలిసింది, నిజంగానే గుర్తు లేదు, ఏ మరమరాలోయ్ అని అయోమయంగా నిలబడ్డాడు, చెయ్యి ఇంకా చాపే ఉంది. అంతకంటే చూడలేక ఆమె నడిచింది. వెనక పాప మళ్ళీ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వరసలో ఆమె వెంటే మెలికలు తిరిగింది, ప్రతి మలుపులోనూ వీపుకి తగిలింది, వెనక్కి తిరిగితే పోతాను అనుకుంది, తిరగలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, కోపంతో కారినా అందరికీ ఒకలాగే కనిపిస్తాయి కదా అని ఇంకా కోపమొచ్చింది. గేటు దగ్గర నల్లకోటు అమ్మాయి ఆమెని గుర్తుపట్టింది, బెంచీవైపు చూసింది, ఒక వేలు చూపించి ఒక్కరేనా అన్నట్టు కనుబొమ్మ ఎత్తింది. ఒక్కరే అంది ఆమె తెలుగులో. పరికరం కీచుమంది. పెద్దముల్లు ఇంకా కింది అంకెని ముట్టుకోలేదు.

హాల్లోకి అడుగుపెట్టి తలెత్తింది. చార్టులో ఇంత లేదు. ఏ చార్టులో ఇంత ఉంటుంది, గోడ ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎముకే, పడవల్లాంటి దవడలు, ఒక్కో పక్కటెముకా ఒక్కో దూలం, కిటికీల వెలుతురు వాటి మధ్యనుంచి నేలమీద చారలుగా పడుతోంది. ఊపిరి నిలిచిపోవాలి ఇప్పుడు, ఆనందంతో ఒళ్ళు తేలిపోవాలి, ఎన్నేళ్ళుగా అలాగే ఊహించుకుంది. తేలలేదు. కోపం ఆమెతోపాటే టికెట్ లేకుండా లోపలికొచ్చేసింది, పక్కనే నిలబడి అది కూడా తలెత్తి చూస్తోంది. సరే, చూడు అనుకుంది ఆమె. తోకవైపు నడిచింది, మెల్లగా, జనాన్ని తప్పుకుంటూ, ఎలుక కొరికిన చోటుదాకా. ఉన్నాయి. రెండు. ఇంత పెద్ద ఒంట్లో ఇంత చిన్నవి, మూరెడు కూడా లేవేమో, వెన్నెముక ఎక్కడో పైన ఉంటే ఇవి కింద గాలిలో సన్నని తీగలకి వేలాడుతున్నాయి, దేనికీ అతక్కుండా. తనే గీసేది ఇన్నాళ్ళూ, సుద్దముక్కతో, గోడమీద. కాళ్ళు పోయినా, నడక పోయినా, నేల పోయినా, ఇవి మాత్రం మేం పోమని కూర్చున్నాయి. ఆమె మెడ నొప్పి పుట్టేదాకా చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

భుజం మీద ఎవరో తట్టారు. తిరిగి చూస్తే పాప అమ్మ. వెనక నాన్న, నాన్న భుజాల మీద పాప, ఏడుపు జాడే లేదు, గుడ్డ తిమింగలాన్ని పైకెత్తి ఎముకల తిమింగలానికి చూపిస్తోంది. ఆమెకి ఒక్కసారి గుండె తేలికపడింది, అమ్మయ్య అనుకుంది, మనసారా అనుకుంది. అప్పుడు పాప అమ్మ చెప్పింది, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, మిగతాది చేతులతో, మీ ఆయన మమ్మల్ని వెంటబెట్టుకుని వరసంతా తిరిగారు, ఒక్కొక్కళ్ళనీ ఆపి అడిగారు, ఎవరో కసురుకున్నారు కూడా, అయినా వదల్లేదు, చివర్లో ఒక పెద్ద గుంపులో రాని మనిషి టికెట్ ఒకటి ఉంటే బతిమాలి ఇప్పించారు అని. వరసంతా. ఒక్కొక్కళ్ళనీ. ఆమె ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన కోసం గేటు దగ్గర అమ్మాయిని అడిగాడు, కబుర్లు చెప్పాడు, వట్టి మొండిదోయ్, ఎముకలేగా, పద అన్నాడు. పాప కోసం వరసంతా అడిగాడు. అంటే దొరుకుతాయన్నమాట. అడిగితే దొరికేవే.

పాప అమ్మ చెయ్యి గుండెలమీద పెట్టుకుని, బయట బెంచీ ఉన్నవైపు చూపించి, కళ్ళు చెమరుస్తుండగా తన భాషలో ఏదో ఒక మాట అంది. ఆ భాషలో ఒక్క ముక్క రాదు ఆమెకి. అయినా అర్థమైంది, బస్టాండులో విన్నదీ, కూరల బండి దగ్గర విన్నదీ, చెల్లి పెళ్ళి పంక్తిలో విన్నదీ అదే మాట. ఆ మాట వినగానే తన మొహం మీదికి వచ్చే ఆ నవ్వు బయల్దేరింది, పెదాల దాకా వచ్చింది. ఆమె దాన్ని రానివ్వలేదు. పాప అమ్మ ఆ మొహంలోకి చూసి, నవ్వు కోసం కాసేపు ఎదురుచూసి, రాకపోయేసరికి తికమకపడి చెయ్యి దించేసింది. ఆమె తల పైకెత్తి మళ్ళీ ఆ రెండు ఎముకలవైపు తిరిగింది. బయట ఆయన బెంచీ మీద కూర్చుని ఉంటాడు. మూసే వేళ దాకా తను ఇక్కడే ఉంటుంది.